మల్లక్క మింగబోయిన ఆకు

ఈ కథ మీ చెవిన పడి ఉండదు పిల్లలూ, మనవాళ్ళు చెప్పుకునే కథలకు మీరు దూరంగా పెరిగారు గనక. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

అడవి అంచున, జొన్నచేల పక్కన ఒక పాడుబడ్డ రాతి మండపం. అందులో తాటాకు పుస్తకాలు. వాటిని చూసుకునేది పోలయ్య అనే గాడిద. ఆకులు మోసుకొస్తాడు, చెదలు దులుపుతాడు, అడిగినవాళ్ళకు వెతికి ఇస్తాడు. మోతగాడికి చదువెందుకని అడవంతా నవ్వేది. పోలయ్య మాత్రం బరువు దించిన ప్రతిసారీ ఒక ఆకు చదివేవాడు.

ఆ అడవిలో ఒక పద్ధతి. ఎవరు ఏది కనిపెట్టినా రాసి, ఒక ఒప్పందం మీద ముద్ర వేసి, జంబన్న నక్కకు ఇవ్వాలి. నక్క దాన్ని బసవయ్య ఎద్దుకు చూపించి తప్పులు చెప్పించేవాడు, రాసినవాళ్ళే వాటిని దిద్ది మళ్ళీ రాసేవాళ్ళు. ఎద్దుకు పిడికెడు గడ్డి కూడా దక్కేది కాదు, "మీరు పెద్దలు" అంటే పొంగిపోయేవాడు. తర్వాత నక్క దానికి శుభ్రమైన నకలు రాయించి, ఆ నకలు మీద తన పంజా ముద్ర వేసి, గుహలో పెట్టి తాళం వేసేవాడు. చదవాలంటే ఐదు పీతలు. అయినా ముద్ర పడిన ఆకంటేనే అందరికీ గొప్ప.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కొన్ని గట్ల మీద లేత జొన్న మొలకలు విషమయ్యాయి. తిన్న దూడ తిన్నచోటే కూలేది. (మీరు ఏ మొలకా తెలియకుండా నోట్లో పెట్టకండి.) మల్లక్క మేక నలభై రోజులు తిరిగి, ఏ గట్టు మీద మేయొచ్చో, ఏది తాకకూడదో అంతా రాసి నక్కకిచ్చింది.

ఒక పొద్దున అదే మల్లక్క మండపంలోకి పరుగెత్తుకొచ్చింది.

"పోలన్నా! నా పిల్లలిద్దరూ నిన్నటి నుంచి పస్తు. ఏ గట్టుకు తోలాలో గుర్తు రావడం లేదు. నా ఆకు ఒకసారి చూసుకుంటానంటే ఆ నక్క ఐదు పీతలు తెమ్మంటున్నాడు!"

"నీ ఆకుకే?"

"నా ఆకుకే! మేకని, పీతలెక్కడ పట్టను? నీళ్ళంటేనే నాకు వణుకు."

"బసవయ్యను అడగలేకపోయావా?"

"అడిగాను. 'చాలా బాగా రాశావమ్మా' అన్నాడు. ఏం రాశానో మాత్రం ఆయనకూ గుర్తులేదు."

"ఒప్పందంలో ఏముంది?"

"ఏమో! గిట్ట ముద్ర వేసి ఇచ్చేశాను. అదెవరు చదువుతారు?"

"నేను," అన్నాడు పోలయ్య. ప్రతి ఒప్పందానికీ ఒక నకలు మండపంలో దాచేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. తీసి, ఒకటికి రెండుసార్లు చదివాడు. మూడోసారికి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"'నా ముద్ర పడిన ఆకు నాది' అని నక్క రాయించాడు. అంతే ఉంది! ఎద్దు చెప్పిన తప్పులు దిద్ది నువ్వు స్వయంగా రాసుకున్నదాని ఊసే లేదు. అది నీదే. ఎక్కడుంది?"

మల్లక్క తల పక్కకు తిప్పుకుంది. దవడలు మాత్రం ఆడుతున్నాయి.

"మల్లీ, ఏం నములుతున్నావు?"

"కంగారొస్తే ఏదో ఒకటి నమలకపోతే నాకు తోచదు. ముద్ర పడ్డాక ఈ పాతది చదవడం కూడా తప్పేమో, ఇంకెందుకులే అని..."

"ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!"

ఆ ఓండ్రింపుకు మండపంలోని పావురాలన్నీ లేచిపోయాయి. పోలయ్య తడి ఆకును నేల మీద పరిచాడు. చివరి ముక్క లేదు.

"పోయిన ముక్కలో ఏ గట్లున్నాయే?"

"గట్లన్నీ పైనే రాశాను. చివర్న జంబన్న దొరవారికి వందనాలని నాలుగు వరుసలు..."

"అవి అరిగిపోతాయిలే. కడుపునొప్పి వస్తే చెప్పు."

పోలయ్య ఆకును అందరికీ కనబడేలా స్తంభానికి వేలాడదీశాడు. "ముద్ర వేసిన నకలు జంబన్న గుహలో ఉంది" అని కింద నిజాయితీగా రాశాడు కూడా. మల్లక్క పిల్లలు దక్షిణపు గట్టు మీద కడుపునిండా మేశారు. మధ్యాహ్నానికి మందలన్నీ మండపం ముందు మూగాయి.

నక్క రొప్పుకుంటూ వచ్చాడు. "దొంగతనం! ఒప్పందం ప్రకారం..."

"ఒప్పందం ప్రకారమే దొరా," అని పోలయ్య ఆ వాక్యం పైకి చదివాడు.

"నేను రాయించిన ఒప్పందం నాకే చదివి వినిపిస్తావా, గాడిదా?"

"తమరూ చదవలేదని ఇప్పుడే తెలిసింది."

మందల్లో నిలబడ్డ బసవయ్య నెమరు ఆపి మరీ నవ్వాడు. సాయంత్రానికి అడవిలో ప్రతివాడూ తన పాత ఆకుల కోసం ఇల్లంతా గాలిస్తున్నాడు. గుహ ముందు నక్క ఒక్కడే కూర్చున్నాడు.

నీతి: మనం రాసింది మనకే అందకుండా పోతే, తప్పు దాచుకున్నవాడిదే కాదు, చదవకుండా ముద్ర వేసిన మనది కూడా.

ఈ కథను మీ స్నేహితులకు చెప్పండి, వాళ్ళను ఇంకొకరికి చెప్పమనండి. నా అనుమతి అక్కర్లేదు.