సర్వర్ ఆగిన మధ్యాహ్నం

ఆదోని దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే మద్దిలేటికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కొత్తగా వచ్చిన నలభై కంప్యూటర్లలో ఒక్కటంటే ఒక్కటి లేవలేదు.

ఆ ల్యాబులో సీడీలు, పెన్‌డ్రైవులు పెట్టే అలవాటు లేదు. మూలనున్న సర్వర్ నుంచే కేబుల్ మీదుగా ఆపరేటింగ్ సిస్టమ్ అన్నిటికీ ఎక్కుతుంది. పాతవి ఇప్పటికీ బుద్ధిగా ఎక్కించుకుంటున్నాయి. కొత్తవి మాత్రం సర్వర్ పంపిన ఫైలు తీసుకున్నట్టే తీసుకుని, నల్లటి తెర చూపించి మళ్ళీ మొదటికొస్తున్నాయి.

సోమవారం ఆన్‌లైన్ పరీక్ష. ల్యాబు సిద్ధం కాకపోతే సెంటరు కర్నూలుకి మార్చేస్తారు. రెండు వందల మంది పిల్లలు తెల్లవారకముందే బయల్దేరాలి. వాళ్ళలో సగం మంది ఊళ్ళకి ఆ వేళ బస్సే లేదు.

పాతవి లేస్తున్నాయి కాబట్టి సర్వర్‌లో తప్పు లేదు, సరుకే నాసిరకం అని మద్దిలేటి తేల్చేశాడు. కొత్త కోడల్ని మూడోరోజే పుట్టింటికి పంపినట్టు, వాపసు ఉత్తరం కూడా టైపు చేయించాడు. సంతకం పెట్టబోయి, ఎందుకో మనసొప్పక, ఇదే ల్యాబులో తనకి పని నేర్పిన హుస్సేన్ పీరా సార్‌కి ఫోన్ చేశాడు.

సార్ రిటైరై ఏడేళ్ళు. ఎండలో స్కూటర్ వేసుకుని వచ్చేశారు. కేబుళ్ళు మార్చిందీ, అవన్నీ కలిసే స్విచ్చు మార్చిందీ మద్దిలేటి ఏకరువు పెడుతుంటే అంతా విన్నారు. పాపం, మనిషి కళ్ళు గుంటలు పడ్డాయి. సార్ ముందు అతన్ని మంచినీళ్ళు తాగమన్నారు. ఆ తర్వాత, కంప్యూటర్లు లేస్తూ ఫైలు కోసం అడిగేదానికి సర్వర్ జవాబివ్వడం ఆపెయ్యమన్నారు.

అసలే లేవనివాటికి జవాబు కూడా లేకపోతే ఎలాగని మద్దిలేటి గొణిగాడు. గొణుగుతూనే ఆపాడు. సార్ ఒక కొత్త కంప్యూటర్ స్విచ్ నొక్కి, కేబుల్‌లో ఏమొస్తోందో సర్వర్ ముందు కూర్చుని చదవమన్నారు.

కంప్యూటర్ అడిగింది. జవాబు రాలేదు. కాసేపాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ. నాలుగోసారికి మద్దిలేటి చదవడం నెమ్మదించింది. అడిగిన ప్రతిసారీ అది తను ఏ రకందో కూడా చెప్పుకుంటోంది. పాత పద్ధతిలో లేచే రకాన్ని కాను అని, విసుగు లేకుండా, అదే మాట.

"ఇది ఎప్పటినుంచి చెప్తా ఉంది సార్?"

"వచ్చిన రోజు నుంచీ."

మద్దిలేటి సర్వర్ సెట్టింగులు తెరిచాడు. ఎవరేమని అడిగినా పాత కంప్యూటర్ల ఫైలే ఇమ్మని అందులో ఒక లైను ఉంది. ఈ మూడు రోజుల్లో సర్వర్ బయట అన్నీ మార్చి చూశాడు గానీ, ఆ లైను జోలికి పోలేదు. ఇప్పుడూ చెయ్యి రాలేదు. కీబోర్డు సార్ ముందుకి జరిపాడు.

"ఇది మీరు రాసింది సార్."

సార్ కీబోర్డుని తిరిగి అతని ముందుకే తోశారు.

"ఆ పొద్దు నా ముందరుండే కంప్యూటర్లను చూసి రాసినానప్పా. నువ్వు నన్ను చూసి అట్లే పెట్టినావు."