కత్తిగాటున్న వేరు

"నేనుండగా మద్దిలేటి ఎందుకండీ మీకు?" అని నాగభూషణం ఉండబట్టలేక అడిగేశాడు. పెంచలయ్య వైద్యులు జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత, ఏది అడిగినా ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పూట మద్దిలేటి మళ్ళలో కలుపు తియ్యమన్నారు. ఒళ్ళు మండదూ మరి?

ఇద్దరూ ఆయన శిష్యులే. నల్లమల అంచున ఆయన పెంచుతున్న సర్పగంధ మందుమొక్కల తోట ఆయన తర్వాత ఎవరి చేతికొస్తుందో ఇంకా తేలలేదు. వేరు కోసం అందరూ తవ్వుకుపోగా అడవిలో ఆ మొక్క కనబడటమే గగనమైపోయింది. నాగభూషణానికి ఒకచోట బ్రహ్మాండమైన మొక్క దొరికింది, బొటనవేలంత లావు వేరుతో. ఆ ఒక్క వేరునే ముక్కలు కోసి తన మళ్ళన్నీ నింపాడు. అన్నీ ఒక్క తీరున, కన్నులపండువగా ఎదిగాయి. మద్దిలేటి మాత్రం కొండకొండా తిరిగి, కనబడిన ప్రతి మొక్క నుంచీ కాసిని గింజలు తెచ్చి చల్లాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నీళ్ళు నిలిచే లోయలోంచి తెచ్చినవైతే మరీ బక్కవి. అయినా సాయంత్రమైతే గురువుగారు వాటి దగ్గరే కూర్చునేవారు. చూసినప్పుడల్లా నాగభూషణానికి కడుపు రగిలిపోయేది.

ముసురు పట్టిన రోజుల్లో అతని మడిలో ఒక మొక్క వాడింది. పీకి చూస్తే వేరుకుళ్ళు, మట్టిలోంచి పక్క మొక్కలకీ పాకే తెగులు. వెంటనే గురువుగారికి చెప్పాలి. చెప్పలేదు. నేనొక్కణ్ణే ఎందుకు నష్టపోవాలి అనుకున్నాడు ఆ మహానుభావుడు. దాన్ని మట్టితో సహా తీసుకెళ్ళి మద్దిలేటి మడి నడుమ నాటి వచ్చాడు.

వానలు వెలిసేసరికి నాగభూషణం మళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. ఒక్క తీరున ఎదిగినవి ఒక్క తీరునే పోయాయి. మద్దిలేటి మళ్ళలోనూ చాలా పోయాయి. కానీ ఆ లోయ మొక్కలు, ఇంకా అక్కడక్కడ కొన్ని, కుళ్ళిన మట్టిలోనే పచ్చగా నిలబడ్డాయి. పోయినవాటిని చూసి మద్దిలేటి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాగభూషణానికి మాత్రం, నిజం చెప్పాలంటే, ఆ మిగిలినవాటిని చూస్తే ఇంకా మండింది.

గురువుగారు వంగి, మద్దిలేటి మడి నడుమ ఎండిపోయిన మొక్కనొకదాన్ని లాగారు. గింజతో మొలిచిన మొక్కకు ఉండని కత్తిగాటు దాని వేరుకుంది. దాన్ని నాగభూషణం చేతిలో పెట్టారు.

"నేనుండగా ఇంకొకడెందుకని అడిగావు," అన్నారాయన మెల్లగా. "జవాబు నువ్వే తెచ్చి ఇక్కడ నాటావు కదయ్యా."