కత్తిలోయ దారి

కొండల అవతల ఉక్కుగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. ఆ నేలవాళ్లకు ఒక వింత శాపం. యుద్ధంలో చచ్చినవాడు ఉన్న చోటే నిలువునా రాయైపోయేవాడు. ముఖం ముఖంలాగే ఉండేది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండేది.

ఆ రాజ్యాన్నేలే కాటభూపతికి వయసు మీద పడింది. గుర్రం ఎక్కాలంటే ఇద్దరు భటులు లేవనెత్తాలి. బిరుదులు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. వందిమాగధులు అవన్నీ చదివి ముగించేదాకా సభలో ఎవరూ కూర్చోకూడదు.

ఒకనాడు పొరుగున ఉన్న నీలగట్టు నుంచి దూత తిరిగొచ్చాడు. ఏలినవారి పేరు చెప్పినా అక్కడి యువరాజు ఆసనం మీంచి లేవలేదన్నాడు. కాటభూపతి మీసం వణికింది.

"యుద్ధం!" అన్నాడు.

సభంతా జేజేలు కొట్టింది. ఆ హోరులో రాజుకు ఎందుకో పాత యుద్ధం గుర్తొచ్చింది. మంత్రి వైపు వంగి, "ఆనాడు కత్తిలోయలో పోరాడింది దేనికయ్యా?" అని మెల్లగా అడిగాడు.

"పరువు కోసం ప్రభూ!"

"అది సరే. అసలేం జరిగిందని?"

మంత్రికీ గుర్తు లేదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం రాజు ఎరగడు.

అప్పుడు ఆస్థాన విదూషకుడు బేతన లేచాడు. కత్తిలోయలో కొడుకును పోగొట్టుకున్ననాటి నుంచీ అతని మాటకు అందరూ నవ్వేవారు గానీ, కాస్త భయపడుతూ నవ్వేవారు.

"సేన ఏ దారిన వెళుతుంది ప్రభూ?"

"ఏటి ఒడ్డున, చుట్టుదారిన," అన్నాడు సేనాని.

"అయ్యయ్యో! దొంగల్లా చుట్టుదారినా? ఇంతటి వీరుడు, తాను గెలిచిన కత్తిలోయ గుండా దర్జాగా వెళ్లొద్దూ?"

సేనాని ముఖం పాలిపోయింది. రాజు మాత్రం పొంగిపోయాడు. గెలిచాక ఆయన అటువైపు తొంగైనా చూడలేదు. "బేతన చెప్పిందే సబబు. కత్తిలోయ గుండానే!" అన్నాడు.

సేన లోయ మొదట్లోనే ఆగిపోయింది. కనుచూపుమేర రాతి మనుషులు, భుజానికి భుజం ఆనించి. గుర్రం దూరేంత సందు ఎక్కడా లేదు.

"దారేదీ?" అని గద్దించాడు రాజు.

"అంతా మనవాళ్లే ప్రభూ. మీ మాట మీద ప్రాణాలిచ్చినవాళ్లు. ఆజ్ఞాపించండి, తప్పుకుంటారు," అన్నాడు బేతన.

వందిమాగధులు బిరుదులు చదివారు. "తప్పుకోండి!" అని రాజు అరిచాడు. లోయ ఆ మాటనే తిరిగి అరిచింది. ఎవరూ కదల్లేదు.

"అయితే పగలగొట్టండి!"

ఒక్క సైనికుడూ సమ్మెట ఎత్తలేదు. రాజే రొప్పుతూ ఒకటి లాక్కుని ఎదుటి రాయి మీదికి ఎత్తాడు. అది ఆయన తమ్ముడు మల్లదేవుడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

బేతన దగ్గరికొచ్చాడు. "ప్రభూ, వీళ్లు వీరులైతే పగలగొట్టకూడదు. కాదు, ఉత్త రాళ్లేనంటారా, మరి బతికున్న ఇంతమందిని రాళ్లు చెయ్యడానికి ఎందుకు తీసుకెళ్తున్నారు? రెంటిలో ఏదో ఒకటి సెలవివ్వండి. రాళ్లేనంటే ఆ సమ్మెట నేనే పట్టి పగలగొడతాను."

రాజు తమ్ముడి ముఖం వైపే చూస్తూ అన్నాడు, "తెలిసే నన్నీ దారిన తెచ్చావు. నీ తల తీయించగలను, తెలుసా?"

"తీయించండి ప్రభూ. యుద్ధంలో పోయినట్టు కాదు కనక రాయిని కాను. హాయిగా మట్టిలో కలుస్తాను. ఈ రోజుల్లో మన రాజ్యంలో అంత అదృష్టం ఎవరికుంది?"

రాజుకు నవ్వొచ్చింది. ముందు గొంతులోనే గరగరలాడి, తర్వాత పగలబడి, చివరకు దగ్గులా మారి కన్నీళ్లతో గడ్డమంతా తడిపేసింది. సమ్మెట కింద పడేసి, తన కాలి గండపెండేరం విప్పి, వంగలేక వంగి బేతన కాలికి తొడిగాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"సేనను ఇంటికి పంపండి. నాకు మాత్రం కాస్త సెలవివ్వండి. మావాడు ఆ చివరెక్కడో ఉండాలి."

సేన వెనుదిరిగింది. బేతన రాళ్ల సందున పక్కకు తిరిగి, ఒక్కొక్క ముఖమే తడుముకుంటూ లోపలికి వెళ్లాడు.

ఉక్కుగిరి రాజు రాళ్లను చూసి జడిసి పారిపోయాడని నీలగట్టువాళ్లు పాట కట్టారు. ఒక దేశదిమ్మరి తెలియక దాన్ని కాటభూపతి కొలువులోనే ఎత్తుకున్నాడు. సభికులు కత్తుల మీద చేతులు వేశారు. రాజు చివరిదాకా విని, తన భుజం మీది శాలువా తీసి వాడికి కప్పాడు.

"రాగం బాగుంది. ఇంకోసారి పాడు," అన్నాడు.