రాజుగారు చుట్టిన సున్నా

రాణి పోయాక విరూపాక్ష రాజుకు ఒక్కటే కోరిక మిగిలింది. ఆమె ముఖం తన చేత్తో గీయాలి. బొమ్మలు నేర్పే లింగన్నను పిలిపించాడు.

"ముందు చెయ్యి ఎత్తకుండా సున్నా చుట్టండి ప్రభూ. అది కుదిరాకే ముఖం" అన్నాడు లింగన్న. రాజు చుట్టాడు. "ఇటువైపు నొక్కుకుపోయింది, మళ్ళీ చుట్టండి" అన్న పాపానికి లింగన్న చెరసాలలో పడ్డాడు.

ఏడాది తిరిగాక అతని భార్య సూరమ్మ కొలువుకొచ్చి, మొగుణ్ణి విడిచిపెట్టమని వేడుకుంది. రాజు ఆ పొద్దున పలక మీద చుట్టిన సున్నా చూపించాడు. "నీ మొగుడు వంక పెట్టింది ఇలాంటిదానికే. నువ్వు చెప్పు, ఎలా ఉంది?"

"పున్నమి చంద్రుడే!" అన్నారు మంత్రులు, ఆమె నోరు తెరిచేలోపే.

"పెద్దలు అంతమాట అన్నాక నేనేం చెప్పను మారాజా?" అంది సూరమ్మ. "ఈ గీత ప్రకారమే రథానికి చక్రాలు చేయించండి. మెచ్చుకున్న పెద్దల్ని ఎక్కించి కొండదారిన తోలించండి."

మంత్రుల్లో ఒకాయనకు అప్పటికప్పుడు నడుంనొప్పి వచ్చింది. ఎక్కుతానన్నవాడు ఒక్కడూ లేడు.

రాజు ఆ సున్నా వైపు మళ్ళీ చూశాడు. లింగన్నను విడిపించి తీసుకురమ్మన్నాడు. ఎండుపుల్లలా వచ్చి నిలబడ్డ అతని ముందు పలక పెట్టాడు.

"ఎక్కడ తప్పిందో చెప్పవయ్యా. రాణి ముఖం నాకు రోజురోజుకీ మసకబారిపోతోంది" అన్నాడు దీనంగా.

లింగన్న సున్నా వైపు చూడలేదు. పక్కనున్న చెరసాల భటుడి వైపు చూశాడు.

"పున్నమి చంద్రుడే ప్రభూ" అన్నాడు.