హోవర్ అంటే ఏంటి చిలకన్నా?

తుమ్మలకోన అనే అడవిలో కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, కౌజు పిట్టలు కలిసిమెలిసి బతికేవి. తిండికి లోటు లేదు, నీళ్ళకు లోటు లేదు. ఉన్న పెద్ద బెడద మాత్రం డేగ.

అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. చెట్టెక్కగలిగిన వాళ్ళంతా వంతులు వేసుకుని, ఎండిన తుమ్మచెట్టు మీద కూర్చుని కాపలా కాయాలి. డేగ పైన చక్కర్లు కొడుతుంటే "తిరుగుతోంది!" అని అరవాలి. అప్పుడు అందరూ పొదల దగ్గర్లోనే మేస్తారు. అది రెక్కలాడిస్తూ గాలిలో ఒక్కచోటే ఆగితే "నిలిచింది!" అనాలి. అంటే కింద ఎవరినో వెతుకుతోందన్నమాట. ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి, కదిలితే కంటబడతారు. రెక్కలు ముడిచి కిందికి వస్తే "దూకుతోంది!" ఇక ముళ్ళపొదలోకి పరుగే. కోనలో పిల్లలకు మొట్టమొదట నేర్పేది ఈ మూడు మాటలే.

ముత్యాలి అనే కౌజు పిట్టకు ఆ ఏడు లేకలేక పిల్లలు పుట్టాయి. అంతకు ముందు పెట్టిన గుడ్లన్నీ పాము మింగేసింది. అందుకే ఈ పిల్లలంటే దానికి పంచప్రాణాలు. అందరిలోకీ చిన్నది బుడ్డి. దానికి కాలు ఒకచోట నిలవదు.

అలా ఉండగా చిదానందం అనే చిలక కోనకు వచ్చి చేరింది. అది చాలాకాలం ఒక బడి వరండాలో పంజరంలో ఉండి, ఎవరో తలుపు వేయడం మరిచిపోతే బయటపడిందట. పాఠాలు వినీ వినీ దానికి ఇంగ్లీషు మాటలు నోటికి వచ్చేశాయి. ఇంకేముంది, కాలు నేల మీద ఆనడం లేదు.

"మీకు ఎగరడం అంటే ఒకటే మాట. ఇంగ్లీషులో ఎన్ని ఉన్నాయో తెలుసా?" అంది చిదానందం. "చక్కర్లు కొడితే సర్కిల్. గాలిలో ఆగితే హోవర్. మీద పడితే స్వూప్. పైపైకి పోతే సోర్. అక్కడ డేగలే కాదు, ధరలు కూడా సోర్ అవుతాయి. కాలం కూడా ఫ్లై అవుతుంది!"

"ధరలు ఎగిరితే మనకేం భయం? అవి పిల్లల్ని ఎత్తుకుపోవుగా!" అంది ఉడుత. అందరూ నవ్వారు.

చిలక మూతి ముడుచుకుంది. "రేపు కాపలా వంతు నాది. ఇంగ్లీషులోనే అరుస్తాను. అందరికీ అర్థమైందిగా?"

అందరూ తలలు ఊపారు. ముత్యాలీ ఊపింది. నిజానికి దానికి ముక్క కూడా ఎక్కలేదు. ఏది హోవరో, ఏది సోరో అన్నీ కలగాపులగం అయిపోయాయి. కానీ ఇంతమందిలో అడిగితే నవ్విపోతారని ఊరుకుంది. మిగతావాళ్ళ సంగతీ అంతేనని పాపం దానికేం తెలుసు!

మర్నాడు పొద్దెక్కాక ముత్యాలి పిల్లలు చీమల పుట్ట దగ్గర ఆడుకుంటున్నాయి. చుట్టూ బట్టబయలు. ఉన్నట్టుండి తుమ్మచెట్టు మీంచి కేక వినిపించింది.

"హోవర్! హోవర్!"

కుందేలు పరుగందుకుంది. ఉడుత "ధరలు పెరిగాయేమో!" అని గింజ కొరుక్కుంటూ కూర్చుంది. ముత్యాలి పిల్లలను కేకెయ్యబోయి ఆగింది. పరిగెత్తమనాలా? కదలొద్దనాలా? ఒకటి అనబోయి ఇంకొకటి అంటే పిల్లలు దక్కవు. అప్పటికే బుడ్డి బయలు మధ్యకి పరిగెడుతోంది.

ఇక సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. ముత్యాలి గొంతు చించుకుని అరిచింది.

"చిలకన్నా! హోవర్ అంటే ఏంటి? నాకు నిన్ననే అర్థం కాలేదు! మన మాటల్లో చెప్పు, నీకు పుణ్యం ఉంటుంది!"

చిలక కిందికి చూసింది. బుడ్డి కనిపించింది. దాని నెత్తిన డేగా కనిపించింది. అంతే, ఇంగ్లీషంతా ఎటు పోయిందో!

"నిలిచింది! నిలిచింది! కదలకండే పిల్లలూ!"

పిల్లలు మట్టిబెడ్డల్లా బిగుసుకుపోయాయి. బుడ్డి ఒంటికాలి మీద ఉన్నది ఉన్నట్టే ఆగింది. కింద గడ్డిపోచ తప్ప ఏమీ కదలడం లేదు.

కానీ చిదానందం కంగారులో మోడు చివర నిలబడి రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. ఆకు లేని కొమ్మ మీద పచ్చటి చిలక! డేగ ఇటు తిరిగింది.

"అమ్మో! దూకుతోంది! దూకుతోంది!"

చిలక ముళ్ళపొదలో పడింది. పిల్లలూ అదే అదనుగా తల్లి రెక్కల కింద దూరాయి. డేగ గోళ్ళకు చిక్కింది చిలక తోక మాత్రమే.

ముత్యాలి ఒక్కొక్క పిల్లనూ ముక్కుతో తడిమి చూసుకుంది. బుడ్డి దొరికాక దానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మయ్య, అందరూ ఉన్నారు.

తోక లేని చిదానందం కుంటుకుంటూ వచ్చింది. "అర్థం కాలేదని నిన్ననే ఒక్కమాట అని ఉంటే బాగుండేది కదా అక్కా," అంది.

"తప్పు నాదీ ఉంది అన్నా. కానీ తల ఊపితే చాలనుకున్నావు గానీ, హోవర్ అంటే ఏంటో చెప్పమని ఒక్కరినైనా అడిగావా?"

చిలక తల దించుకుంది. ఆ తర్వాత కాపలా వంతు వచ్చినప్పుడల్లా అది పాత మూడు మాటలే అరిచేది. ఇంగ్లీషు మాటలు మాత్రం సాయంత్రాలు పిల్లలకు సరదాగా నేర్పేది. "అర్థమైందా?" అని అది అడిగితే, అందరికన్నా ముందు ముత్యాలే గట్టిగా అనేది: "కాలేదు చిలకన్నా, మళ్ళీ చెప్పు!"

నీతి: అర్థం కాని మాటకు తల ఊపడం కన్నా అడిగి తెలుసుకోవడం మేలు, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం అంతకన్నా మేలు.