నడిచే ఫకీరు

చంద్రధర్ హెలికాప్టర్ నడిపేవాడు. కొండ గూడేల నుంచి రోగులను ఎక్కించుకుని పట్నం ఆసుపత్రిలో దించడం అతని పని. మొన్న వేసవిలో ఒక ఇరుకు లోయలో దిగుతుంటే, నెత్తిన తిరిగే రెక్క కొస చెట్టుకొమ్మకు తగిలింది. హెలికాప్టర్ కూలిపోయింది. పైవాడి దయ, అందరూ బతికారు. వెంట ఉన్న నర్సు సువార్తకు మాత్రం చెయ్యి విరిగింది.

ఆనాటి నుంచి అతను మళ్ళీ ఎక్కలేదు. సువార్త ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంతలో వానలు పట్టుకున్నాయి, కొండదారులు తెగిపోయాయి. వస్తావో రావో సాయంత్రంలోగా చెప్పమని ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టారు. ఆ లోయల గుట్టు తెలిసినవాడు మరొకడు లేడు మరి.

రానని చెప్పేద్దామనుకున్నాడు. చెప్పేముందు గురువుగారి చెవిన వేయాలి కదా. ఫోను ఆపేసి జేబులో వేసుకుని దర్గాకు వెళ్ళాడు.

గురువుగారు గఫార్ సాహెబు వరండాలో కూర్చుని గులాబీ రేకులు ఏరుతున్నారు. పక్కన పాత టేబుల్ ఫ్యాను. దాని సంగతి మీకు చెప్పాలి. ఎప్పుడో కిందపడి ఒక రెక్క కొస విరిగింది. స్విచ్చి వేస్తే చాలు, గడగడలాడుతూ నేలమీద నడుచుకుంటూ పోయేది. అందుకని స్తంభానికి తాడేసి కట్టారు. దర్గాకొచ్చే ఆడవాళ్ళు దానికి ‘నడిచే ఫకీరు’ అని పేరు పెట్టారు.

చంద్రధర్ తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. సాహెబు విని, “ఏనుగంత యంత్రం కదయ్యా. కొమ్మ తగిలితే కూలుతుందా?” అన్నారు.

“కొమ్మ కూల్చలేదు హజ్రత్. రెక్కలన్నీ ఒకే బరువుండాలి. తిరిగేటప్పుడు ప్రతి రెక్కా బయటికి లాగుతుంది. అన్నీ సమానంగా లాగితే ఒకదాన్ని ఒకటి ఆపుకుంటాయి. జానెడు ముక్క ఊడిందా, ఇక ఒకవైపే లాగుడు. ఆ అదురుకు యంత్రం తన్ను తానే చీల్చుకుంటుంది.” తన చేతులకేసి చూసుకున్నాడు. “నేనూ అంతే. నాలో ముక్క పోయింది. ఇక తిరగలేను.”

సాహెబు లేచారు. కొవ్వొత్తుల దగ్గర కారి గట్టిపడిన మైనం కాస్త గిల్లి, వేళ్ళతో మెత్తగా నలిపి, ఫ్యాను జాలీ విప్పి, బాగున్న రెక్కకు అంటించారు. జాలీ బిగించి స్విచ్చి వేశారు. ఫకీరు పూనకం వచ్చినట్టు ఊగిపోయాడు. తాడు బిగుసుకుంది, రేకుల పళ్ళెం బోర్లాపడింది.

సాహెబు ఫ్యాను ఆపి, ఇంకాస్త మైనం తీసి, మళ్ళీ ఆ రెక్కకే పెట్టబోయారు.

చంద్రధర్ ఉండబట్టలేకపోయాడు. “అక్కడ కాదు హజ్రత్. విరిగినదానికి పెట్టాలి.”

“ఏమో నాయనా, నేను రేకులు ఏరుకునేవాణ్ణి,” అని మైనం అతని చేతిలో పెట్టారు.

అతను ఫ్యాను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదటి మైనం తుడిచేశాడు. విరిగిన రెక్కకు శనగగింజంత అంటించి, స్విచ్చి వేసి చూశాడు. అదురు తగ్గింది గానీ పోలేదు. ఇంకొంచెం పెట్టాడు, ఎక్కువైంది. గోటితో గీకాడు, కొసకు జరిపాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు. వేసవి నుంచీ వణుకుతున్న వేళ్ళు ఆ పనిలో పడి వణకడం మరిచిపోయాయి. అది సాహెబు చూశారు, అతను చూసుకోలేదు.

ఎండ స్తంభం దాటింది. మళ్ళీ స్విచ్చి వేశాడు.

ఫ్యాను ఉన్నచోటే, చప్పుడు లేకుండా తిరిగింది. చెదిరిన గులాబీ రేకులు ఒక్కొక్కటే లేచి వరండా చివరిదాకా దొర్లాయి. మూల కూర్చున్న ముసలమ్మ, “అమ్మయ్య, ఫకీరుకి ఇన్నాళ్ళకు కాలు నిలిచింది,” అంది.

“విరిగిన ముక్క తిరిగొచ్చిందా?” సాహెబు అడిగారు.

“లేదు హజ్రత్.”

“మరి తాడెందుకు? విప్పెయ్.”

చంద్రధర్ ముడి విప్పాడు. తాడు చుట్టి పక్కన పెట్టాడు. జేబులోంచి ఫోను తీసి ఆన్ చేసి, ముందుగా సువార్త నంబరు నొక్కాడు.