మొదటి దెబ్బ డోలుది

ఆ సోమవారం కోటిలింగానికి కోపం వచ్చింది. కోపం కొత్తదేం కాదు, ఎనిమిదేళ్ళ నాటిది. ఆ రోజు దానికో సాకు దొరికిందంతే.

కోటిలింగం చీరాలలో డోలు వాయిస్తాడు. పదేళ్ళ వయసులో సన్నాయి విద్వాంసుడు షేక్ సిలార్ సాహెబు గారి ఇంట్లో శిష్యుడిగా చేరాడు. అదే ఏడు సుభానీ అనే పిల్లవాడు సన్నాయి నేర్చుకోవడానికి వచ్చాడు. సన్నాయి విద్వాంసుడు డోలు నేర్పడమేమిటని ఎవరైనా అడిగితే, "డోలువాడికి చెయ్యి దేవుడిస్తాడు, చెవి సన్నాయే ఇవ్వాలి" అనేవారు సాహెబు గారు. ఆ ఇద్దరు పిల్లలూ ఒకడి చొక్కా ఇంకొకడు తొడుక్కుని పెరిగారు. పెద్దయ్యాక వాళ్ళ మేళం ఎంత పేరు తెచ్చుకుందంటే, బాపట్ల నుంచి ఒంగోలు దాకా పురోహితులు ముందు వీళ్ళ తీరిక కనుక్కుని, తర్వాత పంచాంగం తీస్తారని జనం హాస్యమాడేవారు.

ఆ ఇంటి సాధనలో ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి ఆవర్తంలోనూ, అంటే తాళం ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా, మొదటి దెబ్బ డోలుది. అక్కడ సన్నాయి పలకకూడదు. డోలు ఒక్కటే పడాలి, ఆ తర్వాతే సన్నాయి అందుకోవాలి. "తలుపు తీసేవాడు డోలువాడు. వాడు తీసేదాకా ఆగరా" అనేవారు సాహెబు గారు సుభానీతో. ఆ చోటు వచ్చినప్పుడల్లా సుభానీ సన్నాయి పెదాల మీదే ఉంచి, ఒక కనుబొమ్మ ఎగరేసి, కోటిలింగం వైపు చూసేవాడు. ఆ చూపు కోసమే కోటిలింగం ఆ దెబ్బ అంత శ్రద్ధగా వేసేవాడు.

ఎనిమిదేళ్ళ క్రితం సుభానీ బెంగుళూరు వెళ్ళాడు. నెలలో వస్తానన్నాడు. అక్కడెవరితోనో కలిసి బ్యాండు పెట్టాడని, సన్నాయి పక్కన పెట్టి ట్రంపెట్ ఊదుతూ పాటలు పాడుతున్నాడని కబురొచ్చింది. "ఎప్పుడొస్తావురా?" అని కోటిలింగం ఫోన్లో అడిగాడు. "ఇప్పట్లో రానురా" అన్నాడు సుభానీ. కోటిలింగం ఫోన్ పెట్టేశాడు. తర్వాత అటునుంచి మూడుసార్లు ఫోన్ వస్తే ఎత్తలేదు. నాలుగోసారి రాలేదు. రాలేదని మళ్ళీ కోపం.

ఇక ఆ సోమవారం సంగతి. సాహెబు గారి ఫోన్‌కి సుభానీ గొంతుతో ఒక కబురు, దాని వెనకే ఒక పాట వచ్చాయి.

"గురువుగారూ, ఆదివారం విజయవాడలో మా ఉప్పుగాలి బ్యాండు పాడుతోందండి. మన వైపు ఇదే మొదటిసారి. మీ దీవెన కావాలి. ఈ పాటతోనే మొదలుపెడతాం, వినండి."

అంతే. కోటిలింగం పేరు ఎక్కడా లేదు. అతను ఆ కబురు రెండుసార్లు పెట్టించుకుని మరీ విన్నాడు, చివర్లో ఏమన్నా ఉందేమోనని.

"దీవించకండి గురువుగారూ" అన్నాడు.

సాహెబు గారు వసారాలో కూర్చుని చిన్న చాకుతో సన్నాయి పీక గీస్తున్నారు. నోట పెట్టుకుని ఊదే ఆ రెల్లు పీక బొటనవేలంత కూడా ఉండదు. వెంట్రుకవాసి ఎక్కువ గీస్తే పనికిరాదు. రెండేళ్ళుగా ఊపిరి అందక ఆయన సన్నాయి ముట్టడం లేదు. పీకలు మాత్రం గీస్తూనే ఉన్నారు.

"పాట విన్నావా?" అన్నారు.

"విన్నానండీ. అదో పాటా? స్కా అంట, పంక్ అంట, రెగ్గే అంట. కాసేపు గెంతుతారు, కాసేపు పరిగెడతారు, కాసేపు తూలుతారు. మూడు కూరలు ఒకే గిన్నెలో పోసి కలిపినట్టుంది."

"ఎంతసేపు విన్నావు?"

"అర నిమిషం."

సాహెబు గారు లేచి, గోడ మేకుకున్న కంచు తాళాలు తీసి అతని చేతిలో పెట్టారు.

"ఆ పాటకి మొదటి నుంచి చివరిదాకా తప్పకుండా తాళం వేసి చూపించు. శనివారం లోపు వేశావంటే నువ్వన్నట్టే చేస్తా. దీవించనని కబురు పెడతా."

కోటిలింగానికి నవ్వొచ్చింది. చేపపిల్లకి ఈత పరీక్షా అనుకున్నాడు. ఆయన ఫోన్లో పాట పెట్టారు. పది దెబ్బలు పడకముందే చేప మునిగింది.

అతని చెయ్యి పడ్డచోట గిటారు ఉండదు. చెయ్యి లేచాక 'చిక్' మంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో దూరి ఎవరో అడ్డం మాట్లాడుతున్నట్టు ఉంది. సరే, ఆ సందులోనే తాళం వేద్దామని చెయ్యి మార్చుకునే లోపల, ఉన్నట్టుండి బ్యాండు బ్యాండంతా పూనకం వచ్చినట్టు పరుగందుకుంది. కోటిలింగం తాళాలు చాప మీద పెట్టేశాడు.

"రేపు రా" అన్నారు సాహెబు గారు, పీక గీసుకుంటూ.

మంగళవారం వచ్చాడు. మళ్ళీ అక్కడే తప్పాడు. "ఈ గిటారువాణ్ణి పట్టుకుని తన్నాలండీ" అన్నాడు. లోపలి నుంచి సాహెబు గారి భార్య ఖాసింబీ నవ్వడం వినపడింది.

బుధవారం పొద్దున ఈపూరుపాలెంలో పెళ్ళి. సుభానీ వెళ్ళినప్పటి నుంచి కోటిలింగం పక్కన కూర్చునే సన్నాయివాడు పెళ్ళికొక్కడుగా మారుతున్నాడు. ఆ రోజు వచ్చినతను మంచివాడే, పాపం. కనుబొమ్మ మాత్రం ఎగరెయ్యడు.

పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టే క్షణమది. ఏ రాగంలో ఉన్నా అక్కడికక్కడే తెంపేసి, ఒంట్లో ఎంత బలముంటే అంత బలంతో, ఎంత వేగం వస్తే అంత వేగంగా వాయించాలి. తుమ్ము గానీ, ఏడుపు గానీ, చెడ్డమాట గానీ ఆ క్షణంలో ఎవరి చెవినా పడకూడదు. కోటిలింగం వాయిస్తూ తలెత్తి చూశాడు. పెళ్ళికూతురి తండ్రి స్తంభాన్ని పట్టుకుని, నోరు తెరిచి, గుండెలవిసేలా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు పక్కనున్న వాళ్ళకి కూడా వినపడలేదు. డోలు తినేసింది.

ఇలాంటివి అతను వెయ్యి చూశాడు. ఆ రోజు మాత్రం చేతులు వాయిస్తూ ఉండగానే మనసు ఆ పాటలోకి పోయింది.

తలపాగా కూడా తియ్యకుండా పెళ్ళివారింటి నుంచి సరాసరి గురువుగారి ఇంటికి వచ్చాడు.

"గురువుగారూ, ఆ పాటొకసారి పెట్టండి."

తనంతట తాను అడగడం అదే మొదటిసారి. ఆయన పెట్టారు. సుభానీ పాడుతున్నాడు. మా వీధిలోకి సముద్రం గాలి ఇంకా వస్తోందా అని అడుగుతున్నాడు. నన్నెవరైనా అడిగారా అన్నాడు. ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం జీరపోయింది. వెంటనే ట్రంపెట్లు, డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి.

"వీడు గట్టిమేళం వాయిస్తున్నాడండీ!" అన్నాడు కోటిలింగం.

సాహెబు గారు తల ఎత్తలేదు.

"అక్కడ తాళి లేదుగా. మరి ఏం వినపడకూడదనిరా?"

కోటిలింగం అప్పుడు తలపాగా తీశాడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

గురువారం గట్టిమేళం దాటాడు. ఎంతైనా అది అతని సొంత ఇలాకా. గిటారు సందులో మాట్లాడుతుందని తెలిశాక, మాట్లాడనిచ్చి తన దారిన తను తాళం వేసుకోవడం అలవాటైంది. శుక్రవారం పొద్దున బండి కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే, అతని భార్య మల్లేశ్వరి గడపలో నిలబడి, "ఆ గోల పాట మీకు నచ్చలేదన్నారుగా" అంది. "నచ్చలేదు" అన్నాడు. అని, మళ్ళీ అందుకున్నాడు. ఆ ట్రంపెట్ గమకం సన్నాయి గమకమే. బుగ్గలు ఎప్పుడు నిండుతాయో, ఊపిరి ఎక్కడ దాచుకుంటాడో అతనికి కళ్ళకు కట్టినట్టు తెలుస్తోంది. ఇన్నాళ్ళూ వినకుండా ఎందుకున్నానా అని మొదటిసారి బాధపడ్డాడు.

అయినా తాళం చివరిదాకా సాగలేదు. గట్టిమేళం తర్వాత పాట నెమ్మదిస్తుంది. దాన్నే రెగ్గే అంటారట. అక్కడ ఆవర్తం మొదలయ్యేచోట అంతా ఖాళీ. చెయ్యి ఆనుకోవడానికి ఒక్క శబ్దం ఉండదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టు, అతని చెయ్యి అక్కడ తడబడేది. శుక్రవారం నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ అక్కడే తప్పాడు.

శనివారం మధ్యాహ్నం వచ్చేసరికి ఖాసింబీ వసారాలో రెండు చాపలు పరిచి ఉంచింది. ఒక చాప మీద అతను చిన్నప్పుడు సాధన చేసిన డోలు. కుడివైపు చాప మీద సుభానీ వదిలి వెళ్ళిన సన్నాయి, నూనె రాసి, మెత్తటి గుడ్డ మీద.

"ఇవాళ తాళాలొద్దు" అన్నారు సాహెబు గారు. "నీ చోట కూర్చో."

కోటిలింగం కూర్చున్నాడు. డోలు ఒళ్ళోకి తీసుకున్నాడు. పాట మొదలైంది. గెంతేచోట గెంతాడు, పరిగెత్తేచోట పరిగెత్తాడు. పాట నెమ్మదించింది. మొదటి దెబ్బ దగ్గర బ్యాండంతా ఆగింది. ఎవరూ పలకలేదు.

కోటిలింగం చెయ్యి పడింది. అతను వెయ్యలేదు, అదే పడింది.

ఆ తర్వాతే గిటారు పలికింది. ట్రంపెట్ అందుకుంది. ఆవర్తం తిరిగి వచ్చింది. మళ్ళీ అదే చోట, మళ్ళీ అందరూ ఆగారు. మళ్ళీ అతని చెయ్యి. పాత అలవాటు కొద్దీ అతను కుడివైపుకి చూశాడు, కనుబొమ్మ కోసం. చాప మీద సన్నాయి ఒక్కటే ఉంది.

అతనికి ఏడుపు ఆగలేదు. నెమ్మది పాట కావడంతో అందరికీ వినపడింది. కప్పడానికి అక్కడ గట్టిమేళం లేదు. ఏడుస్తూనే చివరిదాకా వాయించాడు. ఒక్క దెబ్బ తప్పలేదు.

పాట అయిపోయింది. సాహెబు గారు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"గెలిచావురా. దీవించనని కబురు పెట్టనా?"

కోటిలింగం తల అడ్డంగా ఊపాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ ఖాళీ నాకోసం కాదండీ. నిన్న ఫోన్లో చూశాను. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పుట్టిన బాణీ అంట. ఆ పాటల పద్ధతే అంతంట. మొదటి దెబ్బ అక్కడ అందరూ వదిలేస్తారంట."

సాహెబు గారు ఫోన్ కింద పెట్టారు. పక్కనున్న రేకు డబ్బా మూత తీశారు. అందులో దారంతో కట్టిన పీకల కట్టలు వరసగా ఉన్నాయి. కోటిలింగం లెక్కపెట్టాడు. ఏడు. ఆయన ఒళ్ళో ఉన్న కట్టతో ఎనిమిది. అన్నిటి మూతీ కాస్త వెడల్పు. ఒక్క సుభానీకే అలాంటి పీక కావాలి.

"వాడు సన్నాయి ఊదడం లేదుగా గురువుగారూ."

"ఊదకపోయినా పీక ఎండిపోద్దిరా. ఏటా కొత్తవి గియ్యాలి."

వారమంతా గీసిన పీకల్ని గుడ్డలో చుట్టి, కోటిలింగం చేతిలో పెట్టారు.

"దీవెన అడిగాడుగా. ఇదే. రేపు నువ్వే పట్టుకెళ్ళు."

కోటిలింగం వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు. లేస్తుంటే సాహెబు గారు భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"నువ్వన్నది నిజమేలే. అది ఆ పాటల పద్ధతే" అన్నారు. "లోకంలో ఇన్ని పద్ధతులున్నాయి. ఊళ్ళన్నీ తిరిగి వాడు దీని దగ్గరే ఎందుకాగాడో, అదొక్కటి అడిగి రా."

కోటిలింగం మూట జేబులో పెట్టుకుని వాకిలి దాటాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, డోలు భుజానికెత్తుకున్నాడు.